ఏం రాసిండాదో సదువు

ఆ రోజు పొద్దున మా అన్న ప్రేమానందం చేసిన చివరి పని, నా టేబుల్ కిందికి వంగి కంప్యూటర్ వెనకాల మూడో పోర్టులో నా టైపు ప్రోగ్రాం తెరిచే చిన్న లాక్ పెట్టడం. అప్పటికి ఎనిమిది రోజులుగా, రోజుకు నాలుగైదు సార్లు అదే పని చేస్తున్నాడు. పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, నా కుర్చీలో కూర్చున్నాడు. మౌస్‌ను కాసేపు కదిపి, "మే, ఏం రాసిండాదో సదువు" అన్నాడు.

నేను ఫోన్‌లో మునిరామయ్య సారుకు సంజాయిషీ చెప్పుకుంటున్నాను. సారుకు ఎనభై నాలుగేళ్లు. తెలుగు పంతులుగా రిటైరైనాక చిత్తూరు పల్లెల్లో జనం వాడే మాటలన్నీ నోటు పుస్తకాల్లో ఎక్కించుకుని, ఒక నిఘంటువు తయారు చేశాడు. మూడువందల పన్నెండు పేజీలు నేనే టైపు చేశాను. దిద్దుబాట్లు మిగిలి ఉండగా కంప్యూటర్ మూలపడింది. అచ్చులో చూసి పోతానో లేదో అని రోజు మార్చి రోజు ఫోన్ చేసేవాడు. ఆ మాట వినడం నాకు కష్టంగా ఉండేది.

ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వే సూసుకోన్నా. కండ్లుండాయి గదా" అన్నాను.

అన్న తెర ముందు అలాగే కూర్చున్నాడు. పది నిమిషాలు కూర్చుని ఉంటాడు. తర్వాత బటన్ నొక్కి కంప్యూటర్ ఆపేసి, సంచి భుజాన వేసుకుని, "పోయొచ్చి సూస్తాలే" అని తిరుపతి బస్సుకు బయల్దేరాడు. అలిపిరి దగ్గర ఒక లాడ్జిలో ప్రింటర్ పలకడం లేదట. నేను ఫోన్ చెవికి పెట్టుకునే తల ఊపాను.

బస్సు తిరుపతి చేరి అందరూ దిగిపోయాక, కిటికీ పక్కన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషిని కండక్టర్ భుజం తట్టి లేపబోయాడు. అన్న ఫోన్‌లో చివరగా మాట్లాడిన నంబరు నాదే. గుండె అన్నారు ఆసుపత్రిలో. యాభై ఆరేళ్లు.

మా కొట్టు చిత్తూరులో కోర్టుకు పోయే రోడ్డులో ఉంది. ఒకటే గది, మధ్యలో ప్లైవుడ్ అడ్డం. ఇటువైపు నా టైపు పని, అటువైపు అన్న రిపేరు పని. నా భర్త పోయాక నేను పుట్టింటికి వచ్చేస్తే, అన్న తన బల్లను గోడవారకు జరుపుకుని నాకు జాగా ఇచ్చాడు. అది ఇరవై రెండేళ్ల కిందటి మాట. అన్న పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, ముందు రేడియోలతో, తర్వాత టీవీలతో, ఇప్పుడు కంప్యూటర్లతో కాపురం చేస్తున్నాను, తీరిక యాడిది అనేవాడు.

తెలుగు టైపు చేయడానికి నేను వాడే ప్రోగ్రాం పాతది. అది తెరుచుకోవాలంటే బొటనవేలంత లాక్ ఒకటి కంప్యూటర్‌కు తగిలించి ఉండాలి. లాక్‌ను కంప్యూటర్ గుర్తిస్తే దాని మీద పచ్చ లైటు వెలుగుతుంది. వెలగకపోతే నేను టైపు చేసినవి ఒక్కటి కూడా తెరుచుకోవు. అది తయారు చేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. కాణిపాకం వ్యాపారుల కరపత్రాలు, పెళ్లి కార్డులు, చనిపోయినవాళ్ల కర్మంతరం కార్డులు, బడుల ప్రశ్నపత్రాలు, చివరకు సారు నిఘంటువు, ఇరవై రెండేళ్ల పని అంతా ఆ పచ్చ లైటు మీద ఆధారపడి ఉంది. అది పోతే నాకు వేరే పని రాదు. ఈ సంగతి అన్నకు నాకంటే బాగా తెలుసు.

అన్న చేసే రిపేర్లలో గొప్పగా చెప్పుకునేవి లేవు. ఫోన్లు వచ్చాక ఇళ్లలో డెస్క్‌టాప్‌లు మాయమైపోయాయి. జెరాక్స్ కొట్లలో, లాడ్జిల్లో, చిన్న బడుల్లో, పదేళ్లు దాటిన కంప్యూటర్లు మిగిలాయి. వాటికి వచ్చే రోగాలు కూడా పదేళ్లుగా అవే. మౌస్ కదలదు. స్కానర్ ఉన్నట్టు కంప్యూటర్‌కు తెలియదు. ప్రింటర్ నిన్నటిదాకా బాగుండి ఈ రోజు పలకదు. అన్న వెళ్లి కూర్చుని, "నిన్న ఏం కదిలించినారు?" అని అడుగుతాడు. ఏమీ కదిలించలేదంటారు. అన్న ఊరికే కూర్చుంటాడు. టీ వస్తుంది. టీ తాగేలోపు ఎవరో ఒకరు చెబుతారు, ఊడ్చేటప్పుడు బల్ల జరిపామని, వైరు ఊడితే మళ్లీ పెట్టామని.

ఆ మళ్లీ పెట్టడంలోనే వస్తుంది చిక్కు. ప్రింటర్ వైరును ఒక పోర్టులోంచి తీసి పక్క పోర్టులో పెడితే, కొన్నిసార్లు కంప్యూటర్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుంటుంది. పాతదాని పేరు బూడిద రంగులో అలాగే ఉండిపోతుంది. మనం పంపిన కాగితాలన్నీ ఆ లేని ప్రింటర్‌కే పోతూ ఉంటాయి. అన్న వైరు తీసి పాత చోటే పెట్టి, పోర్టు పక్కన తెల్లటి ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద 'ప్రింటర్' అని రాసేవాడు. అన్న అక్షరాలు అందంగా ఉండేవి. చిత్తూరులో ఎన్ని కంప్యూటర్ల వెనకాల ఆ అక్షరాలు ఉన్నాయో. ఈమధ్య రాయడం మానేసి, ప్లాస్టర్‌ను మడత పెట్టి అంటించేవాడు. ప్రింటర్‌కు ఒక మడత, స్కానర్‌కు రెండు, నా లాక్‌కు మూడు. ఎందుకన్నా అంటే, సిరా చెమటకు చెరిగిపోతుందన్నాడు. నిజమేననుకున్నాను.

అసలు తెలియని జబ్బైతే అన్న పద్ధతి వేరు. అన్నీ పీకెయ్యమంటాడు. కరెంటు వైరు కూడా తీసి, బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోమంటాడు. లోపల మిగిలిన కరెంటు చచ్చాక ఒక్కొక్కటే తగిలించి, ఒక్కొక్కసారీ తెర మీద ఏం వచ్చిందో చదవమంటాడు. చదవడం ఎప్పుడూ అవతలివాళ్ల పనే. కంప్యూటర్ ఎవరిదైతే వాళ్లు చదవాలి. "సదవకుండా నొక్కితే సచ్చినట్టే" అనేవాడు. చాలామంది ఏం వచ్చిందో చూడకుండానే సరే, సరే అని నొక్కి కంప్యూటర్‌ను పాడు చేసుకుంటారని, గట్టిగా చదివితే ఆ అలవాటు పోతుందని నేను అర్థం చెప్పుకున్నాను. మా అన్న రిపేరు చేస్తూ జనానికి చదువు కూడా చెబుతాడని చర్చిలో ఒకరిద్దరితో అన్నాను కూడా.

ఏకాంబరం సామి కొట్టులో జరిగినది నేను కళ్లారా చూశాను. ఆయనది మా వీధి చివర జెరాక్స్ కొట్టు. నాలుగేళ్ల కిందట ఆయుధపూజ మరుసటి రోజు నేను కాగితాలు తీయించుకోవడానికి వెళ్తే, అన్న అప్పటికే అక్కడ ఉన్నాడు. కంప్యూటర్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఏదో వాక్యం వచ్చి, పదిహేను సెకన్లలో దానంతటది ఆరిపోతోంది.

"ఏం రాసిండాది సామీ?" అన్నాడు అన్న.

"ఇంగ్లీషులో ఉండాదన్నా."

"ఇంగ్లీషులోనే సదువు. ఒక్కో అచ్చరం సెప్పు, సాలు."

ఏకాంబరం కళ్లద్దాలు సర్దుకుని, "యు. ఎస్. బి." అని ఊపిరి తీసుకున్నాడు. "డి, ఇ, వి..." అనేలోపు ఆరిపోయింది. అన్న మళ్లీ ఆన్ చేశాడు. ఈసారి ఇంకో మాట ముందుకు పోయి ఆరిపోయింది. నేను చదివి చెప్పబోతే, ఏకాంబరం నన్ను ఆపాడు. పంతం వచ్చింది ఆయనకు. నాలుగోసారికి "ఓవరు కరెంటు" దాకా వచ్చి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ప్రేమన్నా, నువ్వు బాగుసేసేదానికొచ్చినావా, నాకు పరీచ్చ పెట్టేదానికొచ్చినావా?"

"రెండిటికీ. నువ్వు పాసైనావు."

అన్న కంప్యూటర్ డబ్బా ముందువైపు వేళ్లతో తడిమి, ఆ వేళ్లు వాసన చూశాడు. గంధం. పూజలో ఇంటావిడ డబ్బాకు తడి గంధం పూసి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ కుంకుమ బొట్లు పెట్టింది. ముందున్న రెండు యూఎస్‌బీ పోర్టులు బొట్టు పెట్టడానికి సరిగ్గా సరిపోయే గుంటల్లా కనిపించి ఉంటాయి. తడి లోపలికి దిగి, పోర్టులో సన్నటి రేకులు ఒకదాన్నొకటి అంటుకున్నాయి.

"నుదుట పెట్టండి సామీ, ముక్కులో పెట్టద్దు" అన్నాడు అన్న. ఏకాంబరం భార్య లోపలినుంచి నవ్వింది. అన్న పక్క రేకు విప్పి, ముందు పోర్టులకు వెళ్లే వైరును లోపల బోర్డు మీదినుంచి తీసేశాడు. కంప్యూటర్ ఆరిపోకుండా నిలబడింది. తర్వాత స్పిరిట్‌తో, పాత టూత్‌బ్రష్‌తో పోర్టులు కడిగి ఆరబెట్టాడు.

అదే వారంలో ఇంకో ఆరు చోట్ల అదే జబ్బు. బాగా తెలిసినవాళ్లు కానిచోట అన్న గంధం పేరెత్తలేదు. దుమ్ము పడింది అని చెప్పి కడిగేశాడు. క్రైస్తవుడు వచ్చి పూజను తప్పుపట్టాడనే మాట రానివ్వకూడదని అన్న ఉద్దేశం. మరుసటి ఏడాదినుంచి ఆయుధపూజకు ముందురోజు ప్లాస్టర్ చుట్ట, కత్తెర సంచిలో వేసుకుని తన కొట్లన్నీ తిరిగి, ముందు పోర్టులకు ప్లాస్టర్ అంటించి వచ్చేవాడు. పూజ అయిన రెండో రోజు మళ్లీ తిరిగి పీకేవాడు. దీనికి ఎవరిదగ్గరా ఏమీ తీసుకోలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు చాపుకుని, మీ దేవుళ్ల ముక్కులన్నీ మూసొచ్చినా అనేవాడు, ఎవరినో ఉద్దేశించి.

అన్న అప్పటికే బాగా అలిసిపోయి ఉండేవాడు. షుగరు వచ్చింది. మోపెడ్ అమ్మేశాడు, నడుము నొప్పి అన్నాడు. బస్సుల్లో, నడకలో తిరిగేవాడు. చర్చిలో వాక్యం చదివే వంతు వస్తే బైబిల్ తెరిచి పట్టుకుని కీర్తన మొత్తం పేజీ వంక చూడకుండా చెప్పేవాడు. పాస్టరు కోడలు జెస్సీ, మీ అన్నకు ఎంత జ్ఞాపకశక్తి అత్తా అంది నాతో ఒకసారి. నాకు గర్వంగా అనిపించింది.

నా కంప్యూటర్ లోపలి బోర్డు కాలిపోయింది జూన్‌లో. అన్న పాత బోర్డు ఒకటి వెతికి తెచ్చి బిగించాడు. అన్నీ కొత్తగా ఎక్కించాల్సి వచ్చింది. లాక్‌ను కంప్యూటర్‌కు పరిచయం చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దాన్నే డ్రైవర్ అంటారు. మా సీడీ గీతలు పడి తెరుచుకోలేదు. అన్న తిరుపతిలో పాత డీటీపీ కొట్లన్నీ తిరిగి, ఒకచోట పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వచ్చాడు. అది ఎక్కించబోతే సగంలో ఆగిపోయేది. లాక్ పెడితే, పరికరాల లిస్టులో దాని పేరు ఉండాల్సిన చోట పసుపుపచ్చ గుర్తు వచ్చేది. ఏదో తెలియని పరికరం అని వచ్చేది.

ఎనిమిది రోజులు. లాక్ పీకడం, డ్రైవర్ తీసేయడం, ఆపడం, మళ్లీ ఆన్ చేయడం, మళ్లీ ఎక్కించడం, లాక్ పెట్టడం. ప్రతిసారీ నన్ను పిలిచి చదవమనేవాడు. మొదటి రెండు రోజులు ఓపికగా చదివాను. తర్వాత విసుగు వచ్చింది. అదే వాక్యం, అదే పసుపు గుర్తు. ఒక మధ్యాహ్నం నేను బాకీ పనుల మీద బయటికి వెళ్తే, తిరిగి వచ్చేసరికి అంతా మొదటికొచ్చి ఉంది. అన్న అంచనా మీద ఏదో నొక్కాడట. నువ్వే సెప్పే మాట నువ్వే మరిస్తే ఎట్లన్నా అన్నాను. అవును మే, తప్పైంది అన్నాడు. అంత తేలిగ్గా తప్పు ఒప్పుకునే మనిషి కాదు అన్న. నాకు అది కూడా తట్టలేదు.

ఆ తర్వాతి రోజే తిరుపతి బస్సు.

మట్టి చేసిన పదో రోజు కొట్టు తెరిచాను. ఏకాంబరం సామి వచ్చి కూర్చున్నాడు. నేనే, మీచేత ఇంగ్లీషు అక్షరాలు చదివించిన రోజు గుర్తుందా సామీ అన్నాను. ఎవరి కొట్టుకు పోయినా చదివించకుండా వదిలేవాడు కాదు, అదేం పట్టుదలో అని నవ్వబోయాను.

ఆయన నవ్వలేదు.

"నీకు తెలవదామ్మా?"

"ఏంది సామీ?"

"అన్నకు నడి సూపు లేదు గదమ్మా. షుగరు తినేసింది. పక్కనించి సూస్తే మనిసి తెలుస్తాడు. ఎదురుగా సూస్తే మొగం ఉండే తావున మసక. అచ్చరాలైతే అసలు తెలవవు."

మిగిలినది కూడా చెప్పాడు. ఆ ఆయుధపూజ నాడు ఆయనకూ తెలియదు. మరుసటి ఏడాది ప్లాస్టర్ అంటించడానికి వచ్చినప్పుడు అన్నే చెప్పాడు. తిరుపతిలో కంటి ఆసుపత్రికి ఏకాంబరమే రెండుసార్లు తోడు వెళ్లాడు. కంట్లోకి సూదులు వేశారు. ఆలస్యమైంది, ఉన్నది నిలబడితే చాలు అన్నారు డాక్టర్లు.

"కోమలికి సెప్పద్దు సామీ, తెలిస్తే పని మానెయ్యమంటాది, దాని కంప్యూటర్ ఎవరు సూస్తారు అన్నాడు. అన్ని కొట్లలోనూ తెలుసమ్మా. ఆయన వస్తా ఉంటే మేమే సదివేస్తా ఉంటిమి. ఒకే ఇంట్లో ఉండారు, నీకూ తెలిసే ఉంటాదిలే అనుకుంటిమి."

ఆయన వెళ్లాక మోపెడ్, బైబిల్, ప్లాస్టర్ మడతలు, ఒక్కొక్కటీ మనసులోకి వచ్చి పోయాయి. తర్వాత టేబుల్ కిందికి వంగి డబ్బా వెనకాల వేళ్లతో తడిమాను. ఒక మడత. రెండు మడతలు. మూడు మడతలున్న చోట లాక్, అన్న పెట్టినది పెట్టినట్టే ఉంది. కంప్యూటర్ ఆన్ చేశాను.

పచ్చ లైటు వెలిగింది.

నేను ఏమీ నొక్కలేదు, ఏమీ ఎక్కించలేదు. ప్రోగ్రాం తెరుచుకుంది. సారు నిఘంటువు మూడువందల పన్నెండు పేజీలూ వచ్చాయి. ఎలా వచ్చిందో తెలియలేదు. తెలుసుకోవాలనే ఓపిక కూడా అప్పుడు లేదు. దిద్దుబాట్లు ముగించి, మూడు వారాల్లో అచ్చుకు పంపాను. మునిరామయ్య సారు పుస్తకం చేతిలోకి తీసుకుని, మొదటి పేజీ తిప్పి, మీ అన్నకొకటి అని ఇంకో ప్రతి నా చేతిలో పెట్టాడు.

సుకుమార్ వచ్చింది ఆ తర్వాతే. తిరుపతిలో అన్నకు తెలిసిన రిపేరు మనిషి, అన్న వయసువాడే. అన్న పనిముట్లు తీసుకుపొమ్మని నేనే కబురు పెట్టాను. తనదగ్గరికీ అలాంటి లాక్ ఒకటి వచ్చిందని, ప్రేమానందం దీన్ని ఎలా దారికి తెచ్చాడో చూసుకుంటానని నా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏ డ్రైవర్ ఎప్పుడు ఎక్కిందీ కంప్యూటర్ తనలో రాసుకుంటుందట. ఆ లిస్టు తెరిచి, వేలు పెట్టి చూపించాడు. పైనుంచి కిందికి అన్నీ విఫలమైనవే. చివరి వరుస ఒక్కటే వేరుగా ఉంది. అన్న పోయిన రోజు పొద్దున పది గంటల ఇరవై నాలుగు నిమిషాలు.

"అంతా సరిగ్గా ఎక్కేసిండాది సెల్లెమ్మా అప్పుటికే. ఇంగ ఏం మిగల్లేదు. ఒక్కసారి ఆపి ఆన్ సేసుంటే లైటు వచ్చుంటాది."

అప్పుడు తెర మీద ఏం కనిపించి ఉంటుంది అని అడిగాను. సుకుమార్ నా వైపు ఒకసారి చూసి, తన ల్యాప్‌టాప్ తీసి, అన్న పెన్‌డ్రైవ్ పెట్టి, అదే డ్రైవర్‌ను మొదటినుంచి ఎక్కించాడు. రెండు నిమిషాలు పట్టింది. చివర్లో అరచేతిలో సగం కూడా లేని బాక్సు ఒకటి వచ్చింది. పని పూర్తయింది, ఇప్పుడే రీస్టార్ట్ చేయాలా అని అందులో ఒకే ఒక్క వాక్యం. దాని కింద రెండు బటన్లు, అవును, కాదు.